కెనడా సిటిజన్‌షిప్: 1,095 రోజులు ఉన్నామని ఎలా చూపించాలి? తేదీలు, రికార్డులు, కాగితాలు

#1 · గోదారి_రమణ, మిస్సిసాగా

ఎన్ని రోజులు ఉండాలో అందరికీ తెలుసు. ఉన్నామని ఎలా చూపించాలన్నదే ఈ విభాగంలో మళ్ళీ మళ్ళీ వస్తున్న ప్రశ్న. తలా ఒక పోస్టులో తలా ఒక ముక్క చెప్పేకన్నా అంతా ఒకచోట ఉంటే మంచిదని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్ళు కలపండి, తప్పుంటే దిద్దండి.

ముందు నియమం. అప్లికేషన్ మీద సంతకం పెట్టిన రోజుకి ముందున్న 5 ఏళ్ళలో కనీసం 1,095 రోజులు కెనడాలో ఉండాలి. ఇల్లు, ఉద్యోగం, బ్యాంకు ఖాతా కెనడాలో ఉంటే చాలదు, మనిషి ఉండాలి. పీఆర్ (శాశ్వత నివాసి) అయ్యాక ఉన్న ప్రతి రోజూ ఒక రోజు. పీఆర్ కాకముందు స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్, విజిటర్ లాంటి చెల్లుబాటయ్యే హోదాలో ఉన్న ప్రతి రోజూ అర రోజు, అదీ మొత్తం 365కి మించకుండా. దేశం వదిలిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ ఉన్నట్టే లెక్క. సంతకం పెట్టిన రోజు లెక్కలోకి రాదు.

ఈ పద్ధతి 2017 అక్టోబర్ 11 నుంచి అమల్లో ఉంది. 6 ఏళ్ళలో 1,460 రోజులు, ఏడాదికి 183 రోజులు అని రాసిన పాత వ్యాసాలు ఇంకా తిరుగుతున్నాయి. అవి 2015 జూన్ నుంచి 2017 అక్టోబర్ మధ్య అప్లై చేసినవాళ్ళవి. వాటిని చూసి కంగారు పడకండి.

#2 · శ్రీను_వరంగల్, వాటర్లూ

రమణన్నా, అర రోజుల లెక్క మందికి అర్థమైతలేదు. ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 2020 సెప్టెంబర్ 1న స్టడీ పర్మిట్ మీద దిగిండు, 2023 మార్చి 1న పీఆర్ అయిండు. నడుమల ఒకసారి హైదరాబాద్ పోయొచ్చిండు. ఎప్పుడు సంతకం పెట్టొచ్చు?

#3 · పాత_ఫైళ్ళు, ఒటావా

శ్రీను గారూ, మీ తేదీలతోనే వేద్దాం.

2020 సెప్టెంబర్ 1 నుంచి 2023 ఫిబ్రవరి 28 వరకు 911 రోజులు. సగం చేస్తే 455న్నర. కానీ 365 దగ్గర ఆగిపోతుంది. అంటే 730 రోజులకే విలువ వచ్చింది, మిగతా 181 రోజులు మిగులు. ఇక పీఆర్‌గా ఇంకో 730 రోజులు కావాలి. పీఆర్ అయిన రోజు కూడా కలుస్తుంది, 2024 లీపు సంవత్సరం. అసలు ఎక్కడికీ వెళ్ళని మనిషికి 2025 ఫిబ్రవరి 27తో 730 నిండుతాయి, 28న సంతకం పెట్టొచ్చు.

ఇప్పుడు ప్రయాణం. 2023 డిసెంబర్ 10న టొరంటోలో విమానం ఎక్కాడు, 2024 జనవరి 20న తిరిగి దిగాడు అనుకుందాం. వెళ్ళిన రోజూ వచ్చిన రోజూ పక్కన పెడితే డిసెంబర్‌లో 21, జనవరిలో 19, మొత్తం 40 రోజులు లేడు. ఆ 40 ముందుకు జరుగుతాయి. 2025 ఏప్రిల్ 8తో 1,095 నిండుతుంది, ఏప్రిల్ 9న సంతకం.

గమనించాల్సింది ఇంకొకటుంది. అదే 40 రోజుల ప్రయాణం పీఆర్ రాకముందు, 2022లో చేసి ఉంటే ఆ రోజులు మిగులు 181లోంచి పోయేవి. తేదీ ఒక్క రోజు కూడా జరిగేది కాదు. పీఆర్‌కి ముందు మిగులున్నవాళ్ళు అప్పటి ప్రయాణాల గురించి బాధపడక్కర్లేదు. కానీ ఫారంలో మాత్రం తప్పకుండా రాయాలి.

వచ్చి 5 ఏళ్ళు దాటినవాళ్ళకి లెక్క మారుతుంది. సంతకం ఒక రోజు వాయిదా వేస్తే అటు చివర పాత రోజు ఒకటి 5 ఏళ్ళ బయటికి జారిపోతుంది. మిగులు లేకపోతే, కొత్తగా ఒక రోజు కలిసి పాత అర రోజు పోయి, నికరంగా అర రోజే పెరుగుతుంది. "నెల ఆగాను, 30 పెరగాలి కదా, 15 పెరిగాయేమిటి" అని అడిగేవాళ్ళందరికీ సమాధానం ఇదే.

#4 · సుజాత_కాల్గరీ

పైదానికి ఒక హెచ్చరిక కలుపుతాను. అర రోజు దక్కేది హోదా ఉన్న రోజులకే. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటున్నారు.

స్టడీ పర్మిట్ మీద అచ్చయిన తేదీ ఒక్కటే చూసుకోకూడదు. కోర్సు పూర్తయిన 90 రోజులకి, లేదా పర్మిట్ మీదున్న తేదీకి, ఏది ముందైతే దానికి పర్మిట్ చెల్లుబాటు ఆగిపోతుంది. ఆలోపు పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కి అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత హోదా కొనసాగుతుంది, ఆ రోజులు లెక్కలోకి వస్తాయి. ఆ గడువు దాటాక హోదా పునరుద్ధరణకి పెట్టుకుంటే, మళ్ళీ హోదా చేతికొచ్చేవరకు గడిచిన రోజులు సున్నా. కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ (ఐఆర్‌సీసీ) వెబ్‌సైట్‌లో రోజులు లెక్కపెట్టే కాలిక్యులేటర్ ఇవన్నీ అడగదు, మీరు వేసిన తేదీల్నే నమ్ముతుంది. తరువాత ఆఫీసర్ సిస్టమ్‌లో పర్మిట్లు ఒక్కొక్కటే తీసి చూసినప్పుడు ఆ రోజులు కొట్టేస్తారు.

కాబట్టి తాత్కాలిక హోదా వరుసలు వేసేటప్పుడు పర్మిట్లన్నీ ఎదురుగా పెట్టుకోండి. పొడిగింపుకి అప్లై చేసిన రోజు వచ్చిన రసీదు కూడా దాచాలి. పర్మిట్ ముగిసేలోపే అప్లై చేశామని చూపించేది అదొక్కటే.

పీఆర్ తేదీ విషయంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. పీఆర్ ఖరారు చేసే పోర్టల్ నుంచి మొదటి ఈమెయిల్ వచ్చిన రోజు కాదు, ఫొటో అప్‌లోడ్ చేసిన రోజూ కాదు. కన్ఫర్మేషన్ ఆఫ్ పర్మనెంట్ రెసిడెన్స్ పత్రం మీద పీఆర్ అయినట్టు ఉన్న తేదీయే తేదీ.

#5 · శ్రీను_వరంగల్, వాటర్లూ

పునరుద్ధరణల ఉన్నప్పుడు దేశంలనే ఉన్నడు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, లీజు ఉంది. అయినా రాదా?

#6 · సుజాత_కాల్గరీ

రాదండీ. మనిషి ఉన్నాడన్నది రుజువవుతుంది, హోదా ఉందన్నది కాదు. పీఆర్‌కి ముందు రెండూ కావాలి.

#7 · మాధవి_హాలిఫాక్స్

ఎక్కువమంది తప్పు చేసేది ప్రయాణ తేదీల దగ్గర. పాస్‌పోర్ట్ తెరిచి శంషాబాద్ స్టాంపుల్లో ఉన్న తేదీలు అలాగే దించేస్తారు.

పైన పాత_ఫైళ్ళు గారి ఉదాహరణే చూడండి. డిసెంబర్ 10 రాత్రి టొరంటోలో ఎక్కితే, గల్ఫ్ మీదుగా హైదరాబాద్‌లో దిగేసరికి 12 తెల్లవారుజాము. స్టాంపు 12 అని పడుతుంది. తిరుగు ప్రయాణంలో జనవరి 20 వేకువన బయల్దేరితే టొరంటోలో దిగేది కూడా 20 సాయంత్రమే, ఆ వైపు తేడా రాదు. ఇండియా స్టాంపుల ప్రకారం 12 నుంచి 20 అని రాస్తే 38 రోజులు లేనట్టు వస్తుంది, నిజానికి 40. ఒక్క ప్రయాణానికి 2 రోజులు. నాలుగుసార్లు వెళ్ళొచ్చినవాళ్ళకి 8.

మీరు రాయాల్సింది కెనడా నేల వదిలిన తేదీ, కెనడా టైము ప్రకారం. విమానం రాత్రి 11:30కి అని టికెట్ మీద ఉండి, ఆలస్యమై 12:40కి లేచిందనుకోండి, తేదీ మారిపోయింది. ఆ మార్పు మీకు లాభమే, కానీ దాన్ని చూపించేది ఎయిర్‌లైన్ పంపిన ఆలస్యం మెసేజ్ మాత్రమే. అది లేకపోతే టికెట్ తేదీనే రాసి ఒక రోజు వదులుకోవడం నయం.

ఎందుకింత పట్టుదల అంటే, విమానంలో దేశం వదిలేవాళ్ళ వివరాలు 2020 జూన్ చివరి నుంచి ఎయిర్‌లైన్స్ దగ్గర్నుంచి కెనడా సరిహద్దు సంస్థ సీబీఎస్‌ఏకి వెళ్తున్నాయి. రాకలు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఇప్పుడు అప్లై చేసేవాళ్ళ 5 ఏళ్ళకూ రాకపోకలు రెండూ వాళ్ళ దగ్గర ఉండాలి. మీ పట్టిక, వాళ్ళ పట్టిక పక్కపక్కన పెట్టి చూస్తారు. ఫారంలో ఆ సమ్మతి మీరే ఇస్తున్నారు.

#8 · గోదారి_రమణ, మిస్సిసాగా

రోడ్డు దారి సంగతి కూడా చెప్పుకోవాలి. కారులో అమెరికాలోకి వెళ్తే, అక్కడ ప్రవేశించిన రికార్డునే అమెరికా కెనడాకి పంపిస్తుంది, అదే మీ నిష్క్రమణ రికార్డు. పీఆర్‌లకి, తాత్కాలిక నివాసులకి ఇది 2013 జూన్ 30 నుంచే జరుగుతోంది.

ఉదయం నయాగరా దగ్గర వంతెన దాటి బఫెలోలో గుడికో షాపింగ్‌కో వెళ్ళి రాత్రికి ఇల్లు చేరితే లేని రోజులు సున్నా. అయినా కాలిక్యులేటర్‌లో వరుస వెయ్యాలి. "సున్నాయే కదా" అని వదిలేస్తే లెక్క తప్పదు కానీ, వాళ్ళ రికార్డులో ఉన్న ప్రయాణం మీ ఫారంలో లేదని తేలుతుంది. ఒకటి దాచినవాళ్ళు ఇంకెన్ని దాచారో అన్న అనుమానం అక్కడ మొదలవుతుంది.

ఇంకో చిక్కు. కారులో డెట్రాయిట్ వెళ్ళి, అక్కడ్నుంచి విమానంలో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు, టికెట్ చవకని. వాళ్ళు కెనడా వదిలింది వంతెన దాటిన రోజు. టికెట్ మీద తేదీ మరుసటి రోజుది కావచ్చు.

#9 · పాత_ఫైళ్ళు, ఒటావా

రికార్డులు తెప్పించుకునే పద్ధతి చెప్తాను. నా సలహా ఒక్కటే: తేదీలు ముందు, కాగితాలు తరువాత. చాలామంది ముందు కట్టలకొద్దీ బిల్లులు పోగేసి, తేదీల దగ్గర తడబడతారు.

ఎక్సెల్ షీటు తెరవండి. వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ, ఏ దారిన, ఎందుకు, దేన్ని బట్టి ఈ తేదీ రాశాను అని అయిదు గళ్ళు. ఆ చివరి గడి ముఖ్యం. పాస్‌పోర్ట్ స్టాంపా, ఈ-టికెట్టా, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటా రాసి పెట్టుకుంటే, ఏడాది తరువాత ఆఫీసర్ అడిగినప్పుడు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. పీఆర్‌లకి కెనడాలో దిగినప్పుడు కియోస్క్ దగ్గరే పని అయిపోతుంది, చాలాసార్లు స్టాంపు పడదు. హైదరాబాద్‌తో సహా ఇండియాలో కొన్ని విమానాశ్రయాల్లో ఇప్పుడు నమోదు చేసుకున్నవాళ్ళకి ఈ-గేట్లు ఉన్నాయి. ముందుముందు స్టాంపుల మీద ఆధారపడటం తగ్గించుకోవాల్సిందే. టికెట్ ఈమెయిళ్ళు చెరపకండి.

తరువాత సీబీఎస్‌ఏ నుంచి ట్రావెలర్ హిస్టరీ రిపోర్ట్, అంటే వాళ్ళ దగ్గరున్న మీ రాకపోకల రికార్డు. ఆన్‌లైన్‌లో యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్ అండ్ ప్రైవసీ పోర్టల్ ద్వారా అడగాలి. ప్రైవసీ చట్టం కింద సొంత రికార్డు అడిగితే డబ్బు కట్టక్కర్లేదు. యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్ కింద పెడితే 5 డాలర్లు తీసుకుంటారు, అనవసరం. ఎంట్రీలు, ఎగ్జిట్‌లు రెండూ కావాలని స్పష్టంగా రాయండి. ఉత్త "ట్రావెల్ హిస్టరీ" అంటే ఒక్కోసారి రాకలే పంపుతారు. చట్టంలో 30 రోజుల గడువుంది, పొడిగించే వీలూ వాళ్ళకుంది. సంతకం పెట్టబోయే తేదీకి రెండు మూడు నెలల ముందే అడిగి పెట్టుకోండి.

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు ఐ-94 (అమెరికా రాకపోకల రికార్డు) వెబ్‌సైట్‌లో ప్రయాణ చరిత్ర కూడా తీసుకోవచ్చు, వెంటనే తెరపై వస్తుంది. రోడ్డు దారిన వెళ్ళొచ్చినవి అందులో కొన్ని కనపడవు. అందుకని "ఐ-94లో లేదు కాబట్టి వెళ్ళలేదు" అనుకోకండి.

మూడూ పక్కపక్కన పెట్టండి. తేడా ఉన్నచోట ఆధారం ఏది గట్టిదో చూసి సరిదిద్దాక కాలిక్యులేటర్ నింపండి. కాలిక్యులేటర్‌లో వేసే తేదీ, అప్లికేషన్ మీద సంతకం తేదీ ఒకటే కావాలి. ఆదివారం లెక్కేసి ప్రింట్ తీసి, పై శనివారం సంతకం పెడితే అవి రెండు వేర్వేరు లెక్కలు.

#10 · శ్రీను_వరంగల్, వాటర్లూ

పేర్ల తకరారు గురించి చెప్పండన్నా. మనోళ్ళ పాస్‌పోర్ట్‌లల్ల ఇంటిపేరు గడి ఖాళీగ ఉంటది, లేకపోతే ఇంటిపేరు, పేరు అన్నీ ఒక్క గడిల ఉంటయి.

#11 · పాత_ఫైళ్ళు, ఒటావా

మంచి ప్రశ్న, మనవాళ్ళకి ఇది నిజంగా అడ్డం పడుతోంది. సిస్టమ్ వెతికేది పేరు, పుట్టినతేదీ, డాక్యుమెంట్ నంబరుతో. పాత పాస్‌పోర్ట్‌లో పేరు మొత్తం ఒకే గడిలో ఉండి, రెన్యూ చేసినప్పుడు ఇంటిపేరు విడదీసి ఉంటే, పాత నంబరు మీదున్న ప్రయాణాలు కొత్త పేరుతో వెతికినప్పుడు దొరక్కపోవచ్చు. రిపోర్ట్ అడిగేటప్పుడు 5 ఏళ్ళలో వాడిన ప్రతి పాస్‌పోర్ట్ నంబరు, ప్రతి పేరు రూపం, పీఆర్ కార్డు నంబరు ఇవ్వండి. అమెరికా వీసా మీద పేరుకి ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉన్నవాళ్ళు ఐ-94లో అలాగే కొట్టి చూడాలి. సిటిజన్‌షిప్ ఫారంలో వాడిన వేరే పేర్ల గడి ఉంటుంది, అక్కడ కూడా ఇవన్నీ రాయండి.

పాస్‌పోర్ట్‌ల మధ్య ఖాళీ ఉంటే వివరణ ఇవ్వాలి. పాతది మే 14న ముగిసి కొత్తది ఆగస్టు 2న జారీ అయితే, ఆ మధ్యకాలంలో వేరే ప్రయాణపత్రం లేదు, దేశం దాటలేదు అని రెండు వాక్యాలు చాలు. రాయకుండా వదిలేస్తే వాళ్ళే అడుగుతారు, ఫైలు ఆగుతుంది. రెన్యూవల్‌కి ఇచ్చే ముందు పాత పాస్‌పోర్ట్ అన్ని పేజీలూ, ఖాళీవి కూడా, రంగుల్లో స్కాన్ చేసుకోండి. మూల కత్తిరించి తిరిగిచ్చాక దాన్ని ఎక్కడో పడేసేవాళ్ళే ఎక్కువ.

#12 · బ్రాంప్టన్_బాబాయ్

ఒక అపోహ తీర్చాలి. "మా కంపెనీ కెనడాది, జీతం కెనడాలో పడుతోంది, ట్యాక్స్ ఇక్కడే కడుతున్నాను, నాలుగు నెలలు విజయవాడ నుంచి పనిచేశాను, అవి లెక్కే కదా" అంటారు. కావు. పీఆర్ నిలబెట్టుకునే నియమం వేరు, అది 5 ఏళ్ళలో 730 రోజులు. కెనడా కంపెనీ బయటికి పంపితే ఉన్న రోజులు, సిటిజన్ అయిన భర్తతోనో భార్యతోనో బయట ఉన్న రోజులు అందులో కలుపుకునే వీలుంది. సిటిజన్‌షిప్‌కి ఆ సౌకర్యం లేదు. కెనడా ప్రభుత్వోద్యోగులు, సైన్యంలో ఉన్నవాళ్ళ కుటుంబాలకి మాత్రం కొంత మినహాయింపు ఉంది, దానికి సీఐటీ 0177 అని వేరే ఫారం.

కంపెనీ లెటర్ ఇచ్చేటప్పుడు కూడా ఇక్కడే జాగ్రత్త పడాలి. "ఫలానా తేదీ నుంచి పూర్తికాల ఉద్యోగి" అన్న ఒక్క వాక్యం దేశంలో ఉన్నట్టు చూపించదు. ఏ ఊళ్ళో పనిచేస్తున్నారు, ఏ రోజులు సెలవు, ఏ రోజులు దేశం బయట నుంచి పని అన్నవి ఉంటేనే బలం. ఫారంలో ఆరు వారాలు ఇండియాలో ఉన్నానని రాసి, లెటర్‌లో మూడు వారాలే సెలవు ఉంటే, మిగతా మూడు వారాలు అక్కడి నుంచే పనిచేశానని లెటర్‌లోనే చెప్పించండి.

#13 · పద్మజ_స్కార్బరో

నమస్కారమండీ. స్పాన్సర్‌షిప్ మీద వచ్చిన అత్తగారి తరఫున అడుగుతున్నాను. ఆవిడకి 67 ఏళ్ళు, ఉద్యోగం లేదు, లీజు మా పేరు మీద ఉంది, బిల్లులన్నీ మావే. ఏడాదికోసారి ఇండియా, మధ్యలో న్యూజెర్సీలో ఆడపడుచు దగ్గర. ఆవిడ ఇక్కడ ఉన్నట్టు దేనితో చూపించాలి?

#14 · సుజాత_కాల్గరీ

పద్మజ గారూ, ముందు న్యూజెర్సీ రోజులు. అవన్నీ లేని రోజులే, ఉత్తర అమెరికా అయినా సరే. 55 దాటారు కాబట్టి భాష రుజువు, పరీక్ష అక్కర్లేదు. రోజుల లెక్క మాత్రం అందరికీ ఒకటే.

ఉద్యోగం లేని పెద్దవాళ్ళకి నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి కాగితం ఆరోగ్య రికార్డు. ఒంటారియోలో ఓహిప్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పర్సనల్ క్లెయిమ్స్ హిస్టరీ అని అడగొచ్చు. ఏ రోజు ఏ సేవకి బిల్లు వెళ్ళిందో వరుసగా ఉంటుంది. బీపీ, షుగర్ చూపించుకునేవాళ్ళకి తరచుగా తేదీలు దొరుకుతాయి. మందుల షాపు వాళ్ళు కూడా ఏడాది మొత్తం ప్రింట్ ఇస్తారు. అయితే మందులు కొడుకో కోడలో తెచ్చి ఉండొచ్చు కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళిన తేదీకే విలువ ఎక్కువ.

ఆదాయం లేకపోయినా ప్రతి ఏడాదీ ట్యాక్స్ రిటర్న్ వెయ్యండి. ట్యాక్స్ శాఖ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ ఆవిడ పేరు మీద, మీ చిరునామాతో వస్తుంది. అది రోజుల్ని రుజువు చెయ్యదు, ఆవిడ జీవితం ఎక్కడుందో చెప్తుంది.

ఆవిడ పేరు మీద ఒక ఖాతా, ఒక డెబిట్ కార్డు ఉండాలి. జాయింట్ ఖాతా అయితే కార్డు నంబర్లు వేరుగా కనిపించేలా చూసుకోండి. ఆటోమేటిగ్గా పోయే ఫోన్ బిల్లు ఏమీ చెప్పదు, అది మనిషి రాజమండ్రిలో ఉన్నా పోతుంది. స్కార్బరోలో కూరగాయల కొట్లో కార్డు తాకించి కట్టిన 6 డాలర్లు మాత్రం ఆ రోజు ఆ కార్డు అక్కడుందని చెప్తుంది. స్టేట్‌మెంట్‌లో రెండు తేదీలుంటాయి, లావాదేవీ తేదీ, ఖాతాలో నమోదైన తేదీ. మొదటిదే చూడాలి. ఆమె పేరుతో రిజిస్టర్ చేసిన ప్రెస్టో కార్డు (బస్సు, రైలు టికెట్ల కార్డు), లైబ్రరీ కార్డు, సీనియర్ల క్లాసుల హాజరు పట్టీ, ఇవన్నీ చిన్నవే కానీ నెలనెలా పరుచుకుని ఉంటే బాగా పనికొస్తాయి.

ఇంట్లో ఉండే తల్లులకీ ఇదే వర్తిస్తుంది. వాళ్ళకి అదనంగా పిల్లల టీకాలు, స్కూలు సమావేశాల ఈమెయిళ్ళు ఉంటాయి.

#15 · మాధవి_హాలిఫాక్స్

సుజాత గారి జాబితా బాగుంది. అయితే పద్మజ గారూ, ఇవన్నీ అప్లికేషన్‌తో పాటు పంపకండి. చెక్‌లిస్ట్‌లో అడిగినవి పంపండి, మిగతావి ఫైల్‌లో పెట్టుకోండి. అడగని 200 పేజీలు జోడిస్తే ఫైలు తొందరగా కదలదు.

#16 · బ్రాంప్టన్_బాబాయ్

మాధవి గారూ, పూర్తిగా ఒప్పుకోలేను. పాస్‌పోర్ట్ పోయినవాళ్ళు, పాస్‌పోర్ట్‌ల మధ్య ఖాళీ ఉన్నవాళ్ళు ఒక పేజీ వివరణ, దానికి రెండు మూడు ఆధారాలు ముందే జోడిస్తే మంచిది. ప్రశ్న ఎలాగూ వస్తుందని తెలిసినప్పుడు సమాధానం ముందే ఇవ్వడం తప్పు కాదు.

#17 · మాధవి_హాలిఫాక్స్

దానికి అభ్యంతరం లేదండీ. ప్రశ్న పుట్టే చోట ఒక పేజీ, సరే. ప్రశ్నే లేనిచోట కట్టలు వద్దంటున్నాను.

#18 · పాత_ఫైళ్ళు, ఒటావా

ఇక అందరూ భయపడే రెసిడెన్స్ క్వశ్చనైర్, సీఐటీ 0171. ఇది అందరికీ రాదు. రికార్డులు కలవనప్పుడు, పాస్‌పోర్ట్‌లో ఖాళీలున్నప్పుడు, చిరునామా చరిత్రకీ ఉద్యోగ చరిత్రకీ పొంతన లేనప్పుడు, దేశం బయట ఉద్యోగం ఉన్నట్టు కనిపించినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. 5 ఏళ్ళ చిరునామాలు, పనులు ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా రాయాలని ఫారం చెప్పేది అందుకే. ఉద్యోగం లేని నెలలకి నిరుద్యోగం అనో, ఇల్లు చూసుకోవడం అనో, చదువు అనో రాయాలి. ఇండియాలో ఉన్న నెలల చిరునామా కూడా.

వచ్చిందంటే మూడు సంగతులు. లేఖలో ఉన్న గడువులోపు జవాబివ్వాలి. కుదరకపోతే గడువు ముగియకముందే కారణం చెప్పి పొడిగింపు అడగాలి. ఊరుకుంటే అప్లికేషన్ వదిలేసినట్టు తీసుకుంటారు. రెండోది, కాగితాలు రకం వారీగా కాకుండా కాలం వారీగా పేర్చండి. 2022 జనవరి, ఫిబ్రవరి, మార్చి అని నెలకి రెండు మూడు చొప్పున, మొదటి పేజీలో పట్టిక. ఏ నెలకి ఏమీ లేదో మీకే కనపడుతుంది, ఆఫీసర్‌కీ చదవడం తేలిక. మూడోది, తెలుగులో ఉన్న పత్రం ఏదైనా, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితమైనా పెళ్ళిపత్రికైనా, అర్హత ఉన్న అనువాదకులతో ఇంగ్లీషులోకో ఫ్రెంచిలోకో చేయించాలి. ఇంట్లోవాళ్ళు చేసిన అనువాదం ఒప్పుకోరు.

రుజువు భారం మనదే. ఆఫీసర్‌కి నమ్మకం కుదరకపోతే ఫైలు సిటిజన్‌షిప్ జడ్జికి వెళ్తుంది, విచారణకి పిలవొచ్చు. అక్కడా కాదంటే ఫెడరల్ కోర్టుని 30 రోజుల్లోపు అనుమతి అడగాలి. అయితే నిజంగా రోజులు తగ్గినవాళ్ళకి ఈ దారులన్నీ వృథా. 1,094 ఉంటే 1,095 కాదు, జాలిపడి ఒక రోజు కలిపే అధికారం జడ్జికి లేదు. వెనక్కి తీసుకుని, రోజులు నిండాక మళ్ళీ పెట్టుకోవడమే తక్కువ నష్టం.

#19 · గోదారి_రమణ, మిస్సిసాగా

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో "లీజు, పే స్లిప్పులు మేం చూసుకుంటాం" అనే ఏజెంట్లు తిరుగుతున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. తప్పుడు సమాచారం అని తేలితే అప్లికేషన్ పోవడమే కాదు, 5 ఏళ్ళు మళ్ళీ అప్లై చెయ్యలేరు. సిటిజన్ అయ్యాక తేలినా దాన్ని రద్దు చెయ్యొచ్చు. బ్రిటిష్ కొలంబియాలో పాస్‌పోర్ట్‌లలో దొంగ స్టాంపులు వేసిన ఒక కన్సల్టెంట్‌కి 2015లో 7 ఏళ్ళ జైలు పడింది. అతని దగ్గరికి వెళ్ళిన వాళ్ళలో చాలామంది ఫైళ్ళు మళ్ళీ తెరిచారు. రోజులు తగ్గితే ఆగండి. ఆగితే నిండేదాని కోసం దొంగ కాగితం ఎందుకు?

#20 · శ్రీను_వరంగల్, వాటర్లూ

మరి 1,095 కాంగనే పెట్టాల్నా, కొన్ని రోజులు ఆగాల్నా? కొందరు 1,100 అంటరు, కొందరు 1,130 అంటరు.

#21 · సుజాత_కాల్గరీ

కనీసం కన్నా ఎక్కువ రోజులతో పెట్టమని ఐఆర్‌సీసీ కూడా చెప్తుంది. అంకె మాత్రం మీ ఫైలుని బట్టి. పీఆర్ అయ్యాక అసలు దేశం దాటనివాళ్ళు, అర రోజులు వాడుకోనివాళ్ళు వారం ఆగితే చాలు. ప్రయాణాలెక్కువ ఉన్నవాళ్ళు ప్రయాణానికి 2 రోజులు చొప్పున వేసుకోండి. పర్మిట్ల మధ్య అనుమానం ఉన్న రోజులుంటే, వాటిని సున్నా అనుకుని లెక్కవేసినా 1,095 దాటేదాకా ఆగండి. మిగులు అంటే గుండ్రటి అంకె కాదు, మీ ఫైల్లో అనుమానం ఉన్న రోజులెన్నో అన్ని.

#22 · బ్రాంప్టన్_బాబాయ్

సుజాతమ్మ చెప్పింది సరైన పద్ధతి. 18 లోపు పిల్లల్ని తల్లితోనో తండ్రితోనో కలిపి పెడితే వాళ్ళకి ఈ రోజుల నియమం లేదు, పీఆర్ అయి ఉంటే చాలు. కాబట్టి పిల్లాడు ఇండియాలో తాతగారి దగ్గర ఏడాది చదివాడని ఆగిపోనక్కర్లేదు.

#23 · పద్మజ_స్కార్బరో

అందరికీ చాలా థాంక్సండీ. చివరిగా ఒకటి. సంతకం పెట్టి పంపేశాక అత్తగారు ఇండియా వెళ్ళొచ్చా?

#24 · పాత_ఫైళ్ళు, ఒటావా

వెళ్ళొచ్చు. సంతకం తరువాతి రోజులు ఈ 1,095కి సంబంధం లేనివి. కానీ ప్రమాణం చేసేదాకా ఆవిడ పీఆరే. కాబట్టి 730 రోజుల నియమం నడుస్తూనే ఉండాలి, పీఆర్ కార్డు గడువు తిరుగు ప్రయాణం దాకా ఉండాలి. ఈమెయిల్ రోజూ చూసేవాళ్ళు ఎవరైనా ఉండాలి, ఇంటర్వ్యూకి పిలిస్తే అసలు పాస్‌పోర్ట్‌లన్నీ పట్టుకుని రావాలి. అప్లికేషన్ ఎక్కడిదాకా వచ్చిందో చూపించే ఆన్‌లైన్ ట్రాకర్‌లో ఫిజికల్ ప్రెజెన్స్ అని విడిగా ఒక వరుస ఉంటుంది, అది పూర్తయినట్టు చూపిస్తే రోజుల పరిశీలన అయిపోయినట్టే.

ఎక్కువకాలం వెళ్ళేవాళ్ళు ముందే ఒకటి చూసుకోవాలి: సంతకానికి ముందున్న 4 ఏళ్ళలో వేరే దేశంలో వరుసగా 183 రోజులు ఉంటే ఆ దేశం పోలీస్ క్లియరెన్స్ కావాలి. ఇండియాకైతే ఇక్కడి నుంచే అప్లై చేసుకోవచ్చు. ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ మాత్రం ప్రమాణం అయ్యాకే, తొందరపడి ముందే ఇచ్చెయ్యకండి.